ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక తగ్గని ఆయాసం: నాయనను నడిపించాలా, పడుకోబెట్టాలా?

ఇదే ఇబ్బందిలో ఉన్న ఇంకొకరు చదివినా అర్థం కావాలని, మీరు ఆదోని నుంచి రాసిన సంగతిని ముందు క్లుప్తంగా చెప్తాను. నాయనకు 63 ఏళ్లు. 28 ఏళ్లు పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీలో పని, దానికి తోడు బీడీ. సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు సన్నబడి గాలి సరిగా ఆడని దీర్ఘకాలపు జబ్బు, ముదిరి కర్నూలులో 9 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, అందులో 3 రోజులు బైపాప్ (మాస్క్‌తో ఊపిరికి సాయం చేసే మిషన్) మీద. పంపించేటప్పుడు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) నిమిషానికి 2 లీటర్ల మీద పెట్టమన్నారు, నెబులైజర్, రోటాక్యాప్‌లు (పరికరంలో పెట్టి పొడిని పీల్చే మందు) రాశారు, ‘రెస్ట్ ఇవ్వండి’ అన్నారు. ఇంటికొచ్చి 12 రోజులైంది, మనిషి మంచం దిగడం లేదు. ఆక్సిజన్ పెట్టుకుని పడుకుంటే వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 92 శాతం. ట్యూబు అందదని అది తీసేసి బాత్రూమ్‌కి వెళ్లొస్తే 84, ఆ తర్వాత పది నిమిషాలు రొప్పు. నడిపించాలా వద్దా, ఆక్సిజన్ అలవాటైపోతుందా, మూడు బంతుల పరికరం ఊదించాలా అని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. కర్నూలులో ఛాతీ రోగుల దగ్గర పద్దెనిమిదేళ్లు పని చేశాను, ఇప్పుడు ఇళ్లకు వెళ్లి చూస్తున్నాను. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముందు కనిపించింది ‘ట్యూబు అందదని’ అన్న మాట. చూడమ్మా, నాయన కదలకుండా పడుకున్నప్పుడు ఒంటికి ఆక్సిజన్ అవసరం తక్కువ. అప్పుడు పెడుతున్నారు. లేచి నడిచి, బాత్రూమ్‌లో కూర్చుని లేచి, మళ్లీ వెనక్కొచ్చేటప్పుడు అవసరం రెట్టింపవుతుంది. సరిగ్గా అప్పుడే తీసేస్తున్నారు. 84కి పడిపోవడంలో వింతేముంది? మీరు మొదట కొనాల్సింది మందు కాదు, ఆక్సిజన్ ట్యూబు. మెడికల్ షాపులో ఏడు మీటర్లదో పది మీటర్లదో పొడుగు ట్యూబు దొరుకుతుంది. 2 లీటర్ల మీద నడిచే మిషన్‌కి ఆ పొడుగు ఇబ్బంది కాదు. పెట్టాక ముక్కు దగ్గర పెట్టే కొసని గ్లాసు నీళ్లలో ముంచి చూడండి, బుడగలు వస్తే గాలి అందుతున్నట్టే. ట్యూబు గోడ వారగా పోయేలా చూసుకోండి, కాలికి తట్టుకుని పడితే తుంటి విరుగుతుంది, అది ఇంకో పెద్ద కథ.

ట్యూబు మార్చాక బాత్రూమ్‌కి వెళ్లొచ్చినప్పుడు ఎంత ఉందో చూడండి. 88 పైన ఉంటే సరే. ఆక్సిజన్ పెట్టుకుని నడిచినా 88 కంటే కిందికి పోతుంటే, నడిచేటప్పుడు మాత్రం ఎన్ని లీటర్లు పెట్టాలో డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. మీ అంతట మీరు తిప్పొద్దు. దానికి కారణం కిందికొచ్చేసరికి చెప్తాను.

ఇక నడక సంగతి. నడిపించాలి. మొదటి వారం దాటింది కాబట్టి ఇప్పటికే ఆలస్యమైంది. డాక్టర్లు రెస్ట్ అన్నది బరువు పనులు చేయొద్దని, ఫ్యాక్టరీకి పోవొద్దని. మన ఇళ్లలో ఆ మాట వినేసరికి మంచం వేసి, దిండు పెట్టి, చెంబు నీళ్లు చేతికందిస్తాం. ప్రేమే, కాదనను. కానీ ముసలితనంలో కదలకుండా పడుకుంటే తొడ కండ అతి త్వరగా కరిగిపోతుంది. సీఓపీడీ వాళ్లకి అసలే తొడలు బలహీనంగా ఉంటాయి, ఆసుపత్రిలో వాడిన స్టెరాయిడ్లు ఇంకొంచెం తినేస్తాయి. బలం లేని కండ కొంచెం పనికే ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది, ఊపిరి ఎగదోస్తుంది. ఎగపోత వస్తోందని మళ్లీ పడుకుంటారు. ఇంకాస్త కండ పోతుంది. నెల తిరిగేసరికి ఊపిరితిత్తులు డిశ్చార్జి రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి, మనిషి మాత్రం మంచానికి అతుక్కుపోతాడు. ఆ ఊపిరితిత్తుల్లో పాడైన భాగాన్ని నేనూ బాగుచేయలేను, ఏ డాక్టరూ బాగుచేయలేడు. తొడల్ని మాత్రం ఈ వయసులోనూ బాగుచేయొచ్చు. పల్మనరీ రిహాబిలిటేషన్ అని పెద్ద పేరు పెట్టుకున్న పనిలో సగం పైన ఇదే.

పెద్ద ఊళ్లలో ఇది ఆసుపత్రిలోనే వారానికి రెండు మూడు రోజుల చొప్పున ఆరు నుంచి పన్నెండు వారాలు చేయిస్తారు. ఆసుపత్రి నుంచి వచ్చిన నాలుగు వారాల్లోపు మొదలుపెడితే మళ్లీ ఆసుపత్రి పాలయ్యే అవకాశం తగ్గుతుందని చాలా పరిశోధనలు తేల్చాయి. ఆదోని నుంచి కర్నూలుకి వారానికి మూడుసార్లు బస్సెక్కి రమ్మని నేను చెప్పను, ఆ ప్రయాణానికే మనిషి అలిసిపోతాడు. ఆస్ట్రేలియాలో 2017లో ఒక పరిశోధన వచ్చింది. ఒక్కసారి ఇంటికి వెళ్లి నేర్పి, తర్వాత వారానికొక ఫోన్ చేస్తూ ఎనిమిది వారాలు ఇంట్లోనే చేయించారు. ఆ ఎనిమిది వారాలయ్యేసరికి వాళ్ల నడక ఆసుపత్రికి వెళ్లి చేసినవాళ్ల నడకకి ఏమీ తీసిపోలేదు. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు గుంపుల్లోనూ ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. అంటే ఇంట్లో పని జరుగుతుంది, ఆపేస్తే పోతుంది.

ఎలా మొదలుపెట్టాలంటే, నడకతో కాదు, కుర్చీతో. చేతులున్న గట్టి కుర్చీని గోడకి ఆనించి, ముక్కుకి ఆక్సిజన్ పెట్టి, నాయనను లేచి నిలబడి మళ్లీ కూర్చోమనండి. మొదటి రోజు ఐదుసార్లు వస్తే చాలు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చేతులతో కుర్చీని పట్టుకున్నా పర్వాలేదు. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. చాలామంది లేచేటప్పుడు ఊపిరి బిగబడతారు, కళ్లు తిరగడం అక్కడే. మూడు నాలుగు రోజులకొకసారి ఒకటి రెండు పెంచండి. పది దాటాక నడక కలపండి: వరండాలో రెండు నిమిషాలు, కూర్చోవడం, మళ్లీ రెండు నిమిషాలు. మధ్యలో ఆగడం ఓడిపోవడం కాదు, అలా ఆగుతూ చేయడమే పద్ధతి. అలా నెల రోజుల్లో మొత్తం ఇరవై నిమిషాల నడకకి రావాలి. వీధిలోకి వెళ్లే రోజుకి కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకోమనండి. ఈ వారం ఒక స్తంభం, వచ్చే వారం రెండు. నా దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన ‘నాలుగో స్తంభం కాడ టీ కొట్టుంది, అందాక పోవాల’ అని పట్టుపట్టి రెండు నెలల్లో పోయాడు. బీడీ కట్ట కొనుక్కోవడానికి కూడా అదే కొట్టని తర్వాత తెలిసింది, ఆ గొడవ వేరే!

చేతులకి అర లీటరు నీళ్ల సీసాలు చాలు. రెండు చేతుల్లో పట్టుకుని పది సార్లు పైకి లేపడం, కాసేపు ఆగి మళ్లీ పది. తల దువ్వుకోవడం, పైన అరలో ఉన్నది తీసుకోవడం లాంటి పనులకి గస పెట్టేది చేతులు పైకెత్తినప్పుడే, అందుకే ఇది.

ఎంత ఆయాసం వరకు పోనివ్వాలి అన్నది ఇంట్లోవాళ్లకి అన్నిటికన్నా టెన్షన్ పెట్టే విషయం. నేను సున్నా నుంచి పది వరకు మార్కులు అడుగుతాను. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే ఇంక చచ్చిపోతానేమో అన్నంత. నాలుగు నుంచి ఆరు మధ్యకి రావాలి, రాకపోతే ఆ వ్యాయామం వ్యాయామం కాదు. ఆ సమయంలో నాలుగైదు మాటలు కలిపి మాట్లాడగలగాలి, కూర్చున్న కొద్ది నిమిషాల్లో తగ్గిపోవాలి. అలా తగ్గే ఆయాసం వల్ల ప్రమాదం లేదని నాయనకి మీరే నమ్మకంగా చెప్పాలి. మీ ముఖంలో గాభరా చూస్తే ఆయనకి ఇంకా ఎక్కువవుతుంది. ఛాతీ నొప్పి, కళ్లు బైర్లు, చల్లచెమట, 88 కంటే కిందికి పడి లేవకపోవడం, వీటిలో ఏది వచ్చినా ఆపేయండి, ఆ రోజుకి మళ్లీ వద్దు.

రొప్పు వచ్చినప్పుడు చేయాల్సింది ఒకటి నేర్పండి, ముందు మీరు నేర్చుకోండి. ముక్కుతో రెండు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చాలి. పెదాలు సున్నాలా చుట్టి, వేడి టీ చల్లార్చుకోవడానికి ఊదినట్టు నాలుగు లెక్కపెట్టేంత సేపు వదలాలి. పొయ్యి రాజేయడానికి ఊదుగొట్టంతో ఊదినట్టు గట్టిగా కాదు. సీఓపీడీలో గాలి లోపలికి పోవడం కంటే బయటికి రావడం కష్టం. వదిలేటప్పుడు సన్న గొట్టాలు మూసుకుపోయి పాత గాలి లోపలే చిక్కుకుంటుంది, దాని పైన కొత్త గాలి పట్టదు. పెదాలు చుట్టి వదిలితే ఆ గొట్టాలు కాసేపు తెరుచుకుని ఉంటాయి. దానితో పాటు కుర్చీలో కూర్చుని ముందుకి వంగి మోచేతులు తొడల మీద ఆనిస్తే ఊపిరి సులువవుతుంది. ముఖానికి గాలి తగిలేలా టేబుల్ ఫ్యానో తాటాకు విసనకర్రో పెట్టండి. ముక్కు, బుగ్గల చుట్టూ చల్లగాలి తగిలితే ఆయాసం తగ్గినట్టు మెదడుకి అనిపిస్తుంది. వినడానికి చిట్కా వైద్యంలా ఉన్నా, నిజంగా పని చేస్తుంది. పొట్ట ఉబ్బించి పీల్చడం మాత్రం ఇంత ముదిరినవాళ్లకి నేను బలవంతంగా నేర్పను, కొందరికి దానివల్ల శ్రమ ఇంకా పెరుగుతుంది.

మూడు బంతుల పరికరం సంగతి. అది ఊదేది కాదు, పీల్చేది. కరోనా కాలంలో కొన్న వాటిని ఊది ఊది అలిసిపోయిన వాళ్లని ఎంతమందిని చూశానో. ఆపరేషన్ అయినవాళ్లకి ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఉండడానికి ఇస్తారు. మీ నాయనకి ఉన్న జబ్బు లోపల గాలి ఎక్కువైపోయి ఉబ్బిన జబ్బు, దాన్ని పట్టుకుని కూర్చుంటే వచ్చే లాభం పెద్దగా లేదు. ఆ టైము కుర్చీ వ్యాయామానికి ఇవ్వండి. కఫం పట్టేసినప్పుడు మాత్రం, అద్దం మీద ఆవిరి పట్టించడానికి నోరు తెరిచి ‘హా’ అన్నట్టు రెండు మూడుసార్లు బలంగా వదిలి, తర్వాత దగ్గితే కఫం సులువుగా వస్తుంది. ఊరికే దగ్గి దగ్గి అలిసిపోవద్దు.

ఇక ఆక్సిజన్. అలవాటైపోదు. మన దగ్గర ఆక్సిజన్ పెట్టారంటే ఇక అంతే అని అనుకోవడం ఒక పక్క, పెట్టుకుంటే ఇక వదలదన్న భయం ఇంకో పక్క. 1980లో అమెరికాలో, 1981లో బ్రిటన్‌లో జరిగిన రెండు పరిశోధనల వల్లనే ఈ వైద్యం నిలబడింది. రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గిన సీఓపీడీ వాళ్లు రోజుకి 15 గంటలో అంతకంటే ఎక్కువో పెట్టుకుంటే ఎక్కువ కాలం బతికారు. అందుకని గంటో రెండు గంటో ‘కాస్త గాలి పట్టించడం’ వల్ల ఫలితం ఉండదు. నిద్రపోయే గంటలు కలుపుకుంటే 15 అంత కష్టం కాదు. అయితే జబ్బు ముదిరిన రోజుల్లో రాసిన ఆక్సిజన్ జీవితాంతం కావాలని లేదు. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించాలి, చేతి మణికట్టు దగ్గర రక్తం తీసి చూసే ఏబీజీ పరీక్ష అయితే మంచిది. కొందరికి అప్పటికి అవసరం లేకుండా పోతుంది. ఆ పరీక్ష తేదీ అడిగి పెట్టుకోండి.

మీటను మీ అంతట తిప్పొద్దని అన్నాను కదా. మీ నాయనను బైపాప్ మీద పెట్టారంటే ఆయన ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ఉండే అవకాశం ఎక్కువ. ఇలాంటి వాళ్లకి ఆక్సిజన్ ఎక్కువిస్తే అది ఇంకా పేరుకుని మత్తు కమ్ముతుంది. అందుకే 98 కోసం తాపత్రయపడకూడదు, 88 నుంచి 92 మధ్య ఉంటే అదే మంచి నంబరు. మా మేనమామది డోన్. ఒక రాత్రి ఆయాసం ఎక్కువైందని మా అత్త 2 మీద ఉన్నదాన్ని 5కి తిప్పింది. ఆక్సీమీటర్ 97 చూపించింది, అందరూ హాయిగా పడుకున్నారు. పొద్దున ఎంత పిలిచినా కళ్లు తెరవలేదు, పిలిస్తే మూలుగుతాడు, మళ్లీ మత్తు. అదృష్టం బాగుండి ఆసుపత్రికి వేళకి చేర్చారు. అప్పటికే నేను ఈ పనిలో ఎనిమిదేళ్ల నుంచి ఉన్నాను, మా ఇంట్లోవాళ్లకి ఈ ఒక్క ముక్క చెప్పి ఉండలేదు. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మత్తు, మాట తడబాటు, చేతులు చాపితే వణకడం కనిపిస్తే వేలికి పెట్టిన నంబరు ఎంత బాగున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మిషన్ గురించి రెండు మాటలు. గోడకి కనీసం అడుగు దూరంలో పెట్టండి, గుడ్డ కప్పొద్దు. మన ఎండాకాలంలో మూసిన గదిలో పెడితే వేడెక్కి కూస్తుంది. ఫిల్టర్‌ని వారానికొకసారి కడిగి పూర్తిగా ఆరబెట్టి పెట్టాలి, పత్తి దుమ్ము ఉన్న వీధైతే రెండుసార్లు. నీళ్ల సీసాలో బోరు నీళ్లు పోయొద్దు, మన బోరు నీళ్ల ఉప్పుకి నాలుగు రోజుల్లో గార పడుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి రోజూ మార్చండి. సుమారు 350 వాట్ల మిషనైతే 15 గంటలకి ఐదు యూనిట్ల కరెంటు అవుతుంది. కరెంటు పోయినప్పటి కోసం ఒక బి టైప్ సిలిండర్ అద్దెకి తెచ్చి పెట్టుకోండి, నిండుగా ఉంటే 2 లీటర్ల లెక్కన పన్నెండు గంటల దాకా వస్తుంది. ఆక్సిజన్ ఉన్న గదిలో బీడీ, అగరబత్తి, దేవుడి దీపం, గ్యాస్ పొయ్యి ఉండకూడదు. ముక్కు ఎండిపోతోందని వాజ్‌లైన్, కొబ్బరినూనె రాయొద్దు, నీళ్ల ఆధారంగా చేసిన జెల్ అడగండి.

రోటాక్యాప్‌ల గురించి అడగలేదు కానీ అడగాల్సింది అదే. గొట్టం మాత్రల్లా కనిపించే ఆ మందును మింగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాయన ఎలా వాడుతున్నారో పక్కన నిలబడి చూడండి. ముందు ఊపిరి పూర్తిగా వదిలి, నోట్లో పెట్టుకుని గట్టిగా, వేగంగా పీల్చి, పది లెక్కపెట్టేదాకా ఆపాలి. అంత బలంగా పీల్చలేకపోతే డాక్టర్‌ని అడిగి స్పేసర్ డబ్బాతో వాడే పంపు రాయించుకోండి, నెబులైజర్‌కి ఏమీ తీసిపోదు. స్టెరాయిడ్ ఉన్న మందైతే వాడాక పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లగా పూత వస్తుంది.

మీ వీధిలో ఆర్‌ఎంపీ ఉండే ఉంటాడు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చే మనిషి ఆయనే, నేను తక్కువ చేయను. కానీ ఆయాసం వచ్చినప్పుడల్లా డెరిఫిల్లిన్, డెక్సా (ఇది స్టెరాయిడ్) సూదులు వేయించుకుంటూ పోతే ఆ పూటకి తగ్గినట్టే ఉంటుంది. లోపల షుగర్ పెరుగుతుంది, మనం కష్టపడి పెంచుతున్న తొడ కండ మళ్లీ పోతుంది, అసలు జబ్బు ముదిరిన సంగతి దాగుతుంది.

తిండి దగ్గర ఒకటే: ఒకేసారి నిండా పెట్టకండి. పెద్ద సంగటి ముద్ద తిని కూర్చుంటే కడుపు పైకి తోసి ఊపిరికి చోటుండదు. చిన్న ముద్దలు, ఐదారుసార్లు. గుడ్డు, పప్పు, పెరుగు, చెనిక్కాయలు రోజూ ఉండాలి, కండకి అవే పునాది. ఉగ్గాని పెట్టొచ్చు, పక్కన బజ్జీలు వద్దు. తాళింపు ఘాటు, మిరపకాయలు వేయించడం, కట్టెల పొయ్యి పొగ, దోమల బత్తి, సాంబ్రాణి ఈ ఇంటికి పనికిరావు. నాలుగు రోజులు వ్యాయామం చేయించి ఐదో రోజు మిరపకాయలు వేయిస్తే పడ్డ శ్రమంతా పోతుంది. బాత్రూమ్‌లో ప్లాస్టిక్ స్టూలు వేసి కూర్చుని స్నానం చేయించండి. కింద కూర్చునే దొడ్డి అయితే పైన పెట్టే కమోడ్ కుర్చీ కొనండి. గొంతుక్కూర్చుంటే పొట్ట నొక్కుకుని ఊపిరి ఆడదు, ఆ 84లో దాని వాటా కూడా ఉండొచ్చు. ఏటా ఫ్లూ టీకా, దానితో పాటు న్యుమోనియా టీకా ఎప్పుడు వేయించాలో అడగండి. బరువు తగ్గుతూ, సాయంత్రం జ్వరం వస్తుంటే, కఫంలో నెత్తురు కనిపిస్తే టీబీ పరీక్ష చేయించండి, సర్కారు ఆసుపత్రిలో ఉచితం.

కఫం పచ్చగా మారి ఎక్కువైతే, కాళ్లు వాస్తే ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. పెదాలు నీలంగా మారడం, ఒక మాట పూర్తిగా చెప్పలేకపోవడం, ఆక్సిజన్ ఉన్నా 88 కిందే నిలబడిపోవడం, మత్తు, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి, బస్సు కోసం చూడొద్దు. అంబులెన్స్‌లో మాస్క్ పెట్టేటప్పుడు ‘మా నాయనకి 88 నుంచి 92 చాలని చెప్పారు’ అని గట్టిగా చెప్పండి. డిశ్చార్జి కాగితం ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి.

ముందు ఆ ట్యూబు తెచ్చి పెట్టండి. ఒక నోటు పుస్తకంలో రోజూ నాలుగు అంకెలు రాయండి: కూర్చున్నప్పుడు ఆక్సిజన్ ఎంత, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక ఎంత, కుర్చీ నుంచి ఎన్నిసార్లు లేచారు, ఆయాసానికి ఆయన వేసిన మార్కు ఎంత. పది రోజుల తర్వాత ఆ పేజీ నాకు పంపండి. అది చూసి నడక ఎంత పెంచాలో చెప్తాను.